సాస్ ఎప్పుడు పూయాలి? కాల్చిన మొక్కజొన్న పొత్తు వెనక అసలు లెక్క

నేనుండేది అమెరికాలో, కాన్సాస్ సిటీ దగ్గర. వేసవి వచ్చిందంటే ఇక్కడి మనవాళ్లు వారాంతాల్లో పార్కుల్లో కలుస్తుంటారు, గ్రిల్ మీద చికెన్ కాలుతూ ఉంటుంది, మాంసం తిననివాళ్ల కోసం ఒక పక్కన నాలుగైదు మొక్కజొన్న పొత్తులు పెడతారు. ఆ పొత్తుల సంగతి చూస్తే నాకు ఎప్పుడూ బాధగా ఉండేది. సీసాలోంచి బార్బెక్యూ సాస్ గిన్నెలో పోసి, బ్రష్‌తో పొత్తు నిండా దట్టంగా పూసి, పచ్చి పొత్తునే నేరుగా మంట మీద పెట్టేస్తారు. నాలుగు నిమిషాల్లో పైనంతా నల్లగా అయిపోతుంది, కొరికితే సాస్ చేదు, గింజ పచ్చి. ఒక ముక్క కొరికి "మన బండి మీది రుచి ఇక్కడెక్కడిది" అని పక్కన పెట్టేస్తారు. మొదట్లో నేనూ అలాగే పూసి అలాగే మాడ్చాను. ఎందుకు మాడుతోందో అర్థం చేసుకోడానికి రెండు మూడు వేసవులు పట్టింది, ఆ అర్థమైంది మొత్తం ఇక్కడ చెప్తాను.

సమస్య ఏంటంటే ఇందులో మూడు వేరువేరు పనులున్నాయి. గింజ లోపల ఉడకాలి. ఉప్పు, కారం గింజకి పట్టాలి. సాస్ పైన అంటుకుని కొంచెం మెరుపెక్కాలి. మూడింటికీ కావాల్సిన వేడి వేరు, పట్టే సమయం వేరు. మూడూ ఒకేసారి మొదలుపెడితే అన్నిటికంటే తొందరగా మాడేది సాస్ కాబట్టి అదే ముందు పాడవుతుంది, దాన్ని చూసి భయపడి పొత్తు దించేస్తాం, గింజ పచ్చిగా మిగిలిపోతుంది.

పొత్తు దగ్గరే మొదలుపెడదాం. మనం చిన్నప్పుడు తిన్న పొత్తూ, ఇక్కడ దుకాణంలో దొరికే పొత్తూ చూడ్డానికి ఒకటే అనిపిస్తాయి గానీ లోపలి సరుకు వేరు. మాది నిజామాబాద్ జిల్లా, మా వైపు మక్క కంకి అంటాం. వానాకాలం చేలో గింజ పాలు పోసుకున్నాక, గట్టిపడక ముందు, నాలుగు కంకులు విరుచుకొచ్చి పొయ్యి నిప్పుల మీద కాల్చుకునేవాళ్లం. అదే చేను ఇంకో నెల ఆగితే ఎండి, నూర్చి, కోళ్ల దాణాకో, పిండి తీసే ఫ్యాక్టరీకో పోయే మక్క. అంటే మనం తినేది పిండి కోసం పండించిన పంటని, అది ఇంకా లేతగా ఉన్నప్పుడు మధ్యలో అందుకుని. అందుకే దానికి తీపి తక్కువ, పిండి ఎక్కువ, నమిలితే కమ్మగా పంటికి తగులుతుంది. ఆ పిండి ఉడికితేనే రుచి, పచ్చిగా తింటే పిండి పిండిగా ఉంటుంది.

ఇక్కడ గ్రిల్ మీద పెట్టేది స్వీట్ కార్న్. ఇది మొక్కజొన్న లేత దశ అని చాలామంది అనుకుంటారు, కానీ రకమే వేరు. మామూలు మొక్కజొన్నలో ఆకు తయారుచేసిన చక్కెర గింజలోకి రాగానే పిండిగా మారిపోతూ ఉంటుంది. స్వీట్ కార్న్‌లో ఆ మార్పు జరిపే జన్యువుల్లో ఒకటి సరిగా పనిచేయదు, చక్కెర చాలావరకు చక్కెరగానే ఉండిపోతుంది. ఇలాంటి తీపి రకాల్ని అమెరికా ఆదివాసులు ఎప్పటినుంచో పండించుకుంటున్నారు. ఇప్పుడు దుకాణాల్లో కనిపించే బాగా తియ్యటి రకాలకి మూలం మాత్రం ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో జాన్ లాఫ్‌నన్ అనే జన్యుశాస్త్రవేత్త చేసిన పని. ఎండితే ముడుచుకుపోయే ఒక రకం గింజలో చక్కెర మామూలు స్వీట్ కార్న్‌లో కంటే బాగా ఎక్కువ ఉందని ఆయన గమనించి 1953లో ప్రకటించారు, 1961లో ఆ జన్యువుతో మొదటి హైబ్రిడ్ విత్తనం మార్కెట్‌కి వచ్చింది. మన దగ్గర కూడా ఈ పని జరిగింది, మాధురి, ప్రియ అనే తీపి మొక్కజొన్న రకాలు హైదరాబాద్ వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి వచ్చినవే.

ఈ తేడా గ్రిల్ దగ్గర ఎందుకు ముఖ్యమంటే, స్వీట్ కార్న్ పచ్చిగా కూడా తినొచ్చు, అందులో ఉడకాల్సిన పిండి తక్కువ, పది పన్నెండు నిమిషాల వేడి చాలు. మన మక్క కంకికి ఆ సమయం చాలదు. ఇంకో తేడా కూడా ఉంది. పాత రకం స్వీట్ కార్న్ గింజలో నీటిలో కరిగే ఒక రకం పిండి పదార్థం ఉంటుంది, దానివల్ల నోట్లో మీగడలా అనిపిస్తుంది. 1961 తర్వాత వచ్చిన అతి తీపి రకాల్లో అది బాగా తక్కువ, అందుకే కొరికితే కరకరమని తీపి నీళ్లు చిమ్ముతాయి. నాకు గ్రిల్ మీద పాత రకమే ఇష్టం, పొగ వాసన దానికి బాగా పడుతుంది, కానీ దానికో ఇబ్బంది ఉంది. కోసిన నిమిషం నుంచీ చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది. ఎండాకాలం వేడిలో బయట వదిలేస్తే ఒక్క రోజులో సగం దాకా తీపి పోతుంది, ఫ్రిజ్ చల్లదనంలో ఆ మార్పు బాగా నెమ్మదిస్తుంది. అతి తీపి రకాలు చాలా రోజులు తట్టుకుంటాయి, అందుకే దూరాల నుంచి లారీల్లో వచ్చే పొత్తులన్నీ దాదాపు అవే. ఊరి బయట రైతు రోడ్డు పక్కన బల్ల వేసి అమ్మే పొత్తులైతే ఏ రకమో అడగండి, ఎప్పుడు కోశారో అడగండి, ఇంటికి రాగానే ఆకు తీయకుండా ఫ్రిజ్‌లో పెట్టండి, వీలైతే ఆ రోజే తినేయండి.

పొత్తుని ఎంచుకోవడం మన ఊరి పద్ధతే. ఆకు పచ్చగా బిగిసి ఉండాలి, కొన దగ్గర పీచు గోధుమరంగుకి తిరిగినా లోపల తడిగా ఉండాలి. కొన్నాక ఇంటి దగ్గర ఒక గింజని గోటితో నొక్కి చూడండి. మామూలు రకాల్లో పాలు చిమ్మితే లేత, నీళ్లలా వస్తే మరీ లేత, ముద్దలా వస్తే ముదిరింది. అతి తీపి రకాల్లో పాలు పలచగానే ఉంటాయి, దానికి కంగారు పడక్కర్లేదు. ఒక చిన్న సంగతి, దీనికి వంటతో సంబంధం లేదు గానీ నాకు చెప్పాలనిపిస్తుంది: ఆ పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజకి చెందినది. పుప్పొడి ఆ పోగు మీద పడి, దాని లోపలి నుంచి కిందికి దిగితేనే ఆ గింజ కట్టుకుంటుంది. పొత్తులో అక్కడక్కడ పళ్లు ఊడినట్టు ఖాళీలుంటే ఆ పోగులకి పుప్పొడి అందలేదన్నమాట.

ఇప్పుడు వేడి. గింజంటే పైన ఒక గట్టి పొర, లోపల నీళ్లు, చక్కెర, పిండి ఉన్న చిన్న సంచి. లోపల నీళ్లున్నంత వరకు ఆ సంచిలో వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు, ఎంత మంట పెట్టినా సరే. మొక్కజొన్న పిండి ఉడకడానికి 62 నుంచి 72 డిగ్రీలు చాలు. కాబట్టి లోపలి పని నిజానికి ఆవిరి మీద ఉడకడమే, గింజ తన నీళ్లలో తానే ఉడుకుతుంది. మనకి నోరూరించే ఆ కాలిన వాసన, గోధుమరంగు మచ్చలు మాత్రం ఇంచుమించు 140 డిగ్రీలు దాటితేనే బాగా వస్తాయి, ఆ వేడి గింజ పై పొర ఆరాకే సాధ్యం. వరుస ఇదీ: ముందు లోపల ఉడుకుతుంది, తర్వాత పైన తడి ఆరుతుంది, ఆ తర్వాత రంగెక్కుతుంది.

ఈ వరుస మధ్యలో సాస్ పోస్తే ఏమవుతుందో చూడండి. సాస్‌లో సగానికి పైగా నీళ్లే. ఆరుతున్న పొర మళ్లీ తడుస్తుంది, గింజ రంగెక్కడం ఆగిపోతుంది. ఆ నీళ్లు ఆవిరయ్యాక మిగిలేది పలచటి చక్కెర పొర, దాని కింద బొగ్గుల వేడి. మామూలు పంచదార 160 డిగ్రీలు దాటాక పాకంలా రంగు మారి ఇంకొంచెం పోగానే చేదెక్కుతుంది, తేనెలోనూ పండ్లలోనూ ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెరైతే 110 దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది. బాగా రాజుకున్న గ్రిల్ ఊచల దగ్గర వేడి 230 డిగ్రీలు సులువుగా దాటుతుంది. అక్కడ చక్కెర పొర నిలిచేది రెండు మూడు నిమిషాలే. గింజ ఉడకడానికి పది నిమిషాలు, సాస్ ఓర్చుకునేది మూడు. మొత్తం గొడవ ఈ రెండు అంకెల మధ్యే ఉంది.

ఆకుతో కాల్చాలా, ఆకు తీసి కాల్చాలా, రేకులో చుట్టాలా అని అందరూ అడుగుతారు. అల్యూమినియం రేకులో చుడితే అది ఆవిరి మీద ఉడికించడమే, గింజ మెత్తగా బాగానే ఉంటుంది గానీ కాలిన రుచి రాదు, దానికి గ్రిల్ రాజేయాల్సిన పని లేదు. ఆకుతో కాలిస్తే కూడా చాలావరకు ఆవిరే, ఆకు మాడిన వాసన కొద్దిగా చేరుతుంది, 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ముందు నీళ్లలో నానబెట్టడం వల్ల గింజలోకి నీళ్లేం పోవు, ఆకు తొందరగా అంటుకోకుండా ఉంటుంది, అంతే. నేను చేసేది ఆకుని మొదలు దాకా వలిచి, తెంపకుండా వెనక్కి మడిచి, దారంలా చీల్చిన ఒక ఆకుతో పిడిలా కట్టేయడం. పీచంతా తీసేసి, గింజల్ని నేరుగా వేడికి చూపించడం. కాలిన రుచి కావాలంటే ఇదొక్కటే దారి. పిడి మాత్రం మంట లేని వైపు బయటికి ఉండేలా పెట్టాలి.

మంటని రెండు భాగాలుగా చేసుకోండి. బొగ్గులన్నీ ఒక వైపు నెట్టి, రెండో వైపు దాదాపు ఖాళీగా వదలండి. గ్యాస్ గ్రిల్ అయితే ఒక వైపు బర్నర్ పెద్దగా, రెండోది ఆపేసి. బొగ్గు మీద సన్నటి బూడిద పొర కప్పుకునే దాకా ఆగాలి, మంటలు లేస్తుండగా పెడితే మసి పట్టుకుంటుంది. ఊచల మీద అరచెయ్యి నాలుగైదు అంగుళాల ఎత్తులో చాపి చూడండి, నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలిగితే పొత్తుకి సరైన వేడి, రెండో సెకనుకే చెయ్యి లాగేసుకుంటే ఎక్కువైంది. మన బండి దగ్గర ఉప్పుకారం రాసి పొత్తులమ్మే ఆమె విసనకర్రతో చేసేది కూడా ఇదే, విసిరితే నిప్పు ఎర్రబడుతుంది, ఆపితే తగ్గుతుంది, పొత్తుని చూస్తూ రెండూ మార్చుకుంటూ ఉంటుంది. ఆ చేతి లెక్క ముందు ఏ థర్మామీటరూ నిలవదని నా నమ్మకం.

ఉప్పూ కారాల విషయంలో కూడా చిన్న లెక్క ఉంది. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, నెయ్యిలో గానీ నూనెలో గానీ కరగదు. కారంలోని ఘాటు సరిగ్గా దీనికి తలకిందులు, అది కొవ్వులో కరుగుతుంది, నీళ్లలో దాదాపు కరగదు. కాబట్టి నెయ్యిలో ఉప్పు కలిపి పూస్తే ఉప్పు రాళ్లు ఒకచోట పోగవుతాయి, ఒక కొరుకు ఉప్పన, ఇంకో కొరుకు చప్పన. నేను కారం, కొంచెం జీలకర్ర పొడి నెయ్యిలో కలిపి పూస్తాను, ఉప్పుని గోరువెచ్చటి నీళ్లలో కరిగించి, పొత్తు కాలుతుండగా రెండు సార్లు చిలకరిస్తాను. వేడి గింజ మీద పడగానే నీళ్లు ఎగిరిపోయి ఉప్పు సమంగా పరుచుకుంటుంది. నిమ్మచెక్కని ఉప్పుకారంలో అద్ది రుద్దే మన పద్ధతి కూడా ఇందుకే అంత బాగా పనిచేస్తుంది, నిమ్మరసం ఉప్పుని కరిగించి గింజల సందుల్లోకి తీసుకెళ్తుంది.

వెన్న వద్దు, నెయ్యి వాడండి. ఇక్కడి వంట పుస్తకాలన్నీ వెన్న అంటాయి, కానీ వెన్నలో నూటికి 16 నుంచి 18 వంతులు నీళ్లు, పైగా పాల పదార్థాలు కొన్ని ఉంటాయి, అవి బొగ్గుల వేడికి నల్ల చుక్కలుగా మాడిపోతాయి. నెయ్యిలో అవి ముందే కాగి వడకట్టి పోయాయి కాబట్టి 250 డిగ్రీల దాకా పొగ రాదు. అలాగని ఎక్కువ పూయకండి, కిందికి కారితే బొగ్గు మీద మంట లేస్తుంది, ఆ పొగ మసి మళ్లీ పొత్తుకే పడుతుంది. ఆరు పొత్తులకి రెండు చెంచాల నెయ్యి చాలు. వెల్లుల్లి పొడి, చాట్ మసాలా లాంటివి గ్రిల్ మీద ఉండగా వేయొద్దు, మాడి చేదెక్కుతాయి, దించాక చల్లుకోవచ్చు. మొక్కజొన్న పుట్టిన మెక్సికోలో, ఇంచుమించు 9,000 ఏళ్ల కింద బల్సాస్ నది లోయలో తియోసింటే అనే గడ్డి నుంచి దాన్ని పంటగా మార్చుకున్న చోట, వీధుల్లో అమ్మే ఎలోటే అనే పొత్తుకి కూడా కాల్చాకే మయొనీస్ పూసి, దాని మీద చీజ్ తురుము, మిరప పొడి చల్లి, నిమ్మ పిండుతారు. కొవ్వు అక్కడ జిగురులా పనిచేస్తుంది, పొడులు రాలిపోకుండా పట్టుకుంటుంది.

ఇక సాస్. అమెరికాలో బార్బెక్యూ సాస్ అంటే ఒకటి కాదు. నార్త్ కరోలైనా తూర్పు వైపు అది వెనిగర్, ఎండుమిరప, ఉప్పు, అంతే, నీళ్లలా పలచగా ఉంటుంది. సౌత్ కరోలైనాలో జర్మన్ వలసదారుల అలవాటు కలిసి ఆవ ముద్దతో పసుపు పచ్చగా చేస్తారు. అలబామాలో డికేటర్ అనే ఊళ్లో బాబ్ గిబ్సన్ 1925లో మొదలుపెట్టిన హోటల్ నుంచి మయొనీస్, వెనిగర్ కలిపిన తెల్ల సాస్ పేరుపడింది. మా కాన్సాస్ సిటీది టమాటా, మొలాసిస్ అనే నల్లటి చెరకు పాకంతో చిక్కగా, తియ్యగా ఉండేది, దేశమంతా సీసాల్లో దొరికేది ఎక్కువగా ఈ రకమే. ఇక్కడ ఈ వంటకి ఆద్యుడిగా అందరూ చెప్పుకునేది హెన్రీ పెర్రీ అనే నల్లజాతి వంటవాణ్ని, 1908 ప్రాంతంలో నగరంలో కాల్చిన మాంసం అమ్మడం మొదలుపెట్టాడు. ఆయన సాస్ తియ్యగా ఉండేది కాదట, మిరియాల ఘాటుతో ఉండేదట. తీపి ఆయన తర్వాతి తరాల్లో చేరింది. ఆ తీపి సాస్‌ని ఇక్కడి పాత దుకాణాల్లో మాంసం కోసి పళ్లెంలో పెట్టాక పోస్తారు, గంటల తరబడి నిప్పు మీద ఉన్నప్పుడు కాదు. సీసా కొనుక్కుని ఇంటికి తెచ్చుకున్న మనం దాన్ని పచ్చి పొత్తు మీద పూసి మంట మీద పెట్టడం వల్ల వచ్చింది తంటా అంతా.

సీసా సాస్ విషయంలో శాకాహారులకి తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. చాలా వాటిలో వుస్టర్‌షైర్ సాస్ కలుపుతారు, దాని సంప్రదాయ తయారీలో ఆంకోవీ అనే చిన్న చేపలు ఉంటాయి. పొత్తు కదా, మాంసం లేదు కదా అని పిక్నిక్‌లో పెద్దవాళ్లు నమ్మి తినేస్తారు. సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి, తెలియకపోతే పెట్టకండి. గ్రిల్ ఊచలు కూడా అంతే, చికెన్ కాల్చిన ఊచల మీదే పెడుతుంటే ఆ మాట ముందే చెప్పాలి, లేదా పొత్తుల్ని ముందు కాల్చి తీసేయాలి. ఇదే వుస్టర్‌షైర్ సాస్‌లో చింతపండు కూడా ఉంటుంది. ఆ పులుపు ఎక్కడి నుంచి వస్తోందో తెలిశాక నేను సీసా మానేసి చింతపండుతోనే మొదలుపెట్టాను.

నా సాస్ ఇలా. ఆరు పొత్తులకి సరిపోతుంది, కొంచెం మిగులుతుంది కూడా. అర కిలో బాగా పండిన టమాటాలు ఉడికించి, తోలు తీసి మెత్తగా రుబ్బుకోండి. పెద్ద ఉల్లిపాయ ఒకటి, ఆరు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి రెండు చెంచాల నూనెలో సన్నటి సెగ మీద బంగారు రంగు దాకా వేయించండి, ఇక్కడ తొందరపడితే సాస్‌కి పచ్చి ఉల్లి వాసన ఉండిపోతుంది. టమాటా ముద్ద, నిమ్మకాయంత చింతపండు నానబెట్టి తీసిన చిక్కటి పులుసు, 60 గ్రాముల బెల్లం తురుము, ఒక చెంచా కారం, అర చెంచా మిరియాల పొడి, అర చెంచా వేయించిన జీలకర్ర పొడి, చెంచా ఉప్పు వేసి మూత పెట్టకుండా అరగంట ఉడకనివ్వండి. కారానికి నేను సగం గుంటూరు మిరప, సగం బ్యాడిగి వాడతాను, మొదటిది ఘాటుకి, రెండోది రంగుకి. పళ్లెంలో చెంచాడు వేసి మధ్యలో వేలితో గీత గీస్తే గీత కలిసిపోకుండా నిలవాలి. చల్లారాక మిక్సీలో ఒక తిప్పు తిప్పితే నునుపుగా వస్తుంది.

బెల్లం ఎందుకంటే, మొలాసిస్ అంటే చెరకు రసం నుంచి పంచదార గడ్డ కట్టించి తీసేశాక మిగిలే నల్లటి పాకం. బెల్లంలో ఆ నల్ల పాకం విడిపోకుండా పంచదారతో కలిసే ఉంటుంది. ఇక్కడివాళ్లు పంచదార, మొలాసిస్ విడివిడిగా కొని సాస్‌లో మళ్లీ కలుపుతున్నారు, మనకి ఆ రెండూ కలిసిన సరుకు ఇంట్లోనే ఉంది. కానీ ఒక జాగ్రత్త. చింతపండు పులుపుతో బెల్లాన్ని అరగంట ఉడికిస్తే అందులోని పంచదార కొంత విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది, ఫ్రక్టోజ్ తొందరగా రంగు మారుతుందని ఇందాక చెప్పాను. రుచి బాగుంటుంది, మెరుపు బాగా వస్తుంది, మాడడం కూడా ఇంకాస్త తొందరగానే. తీపి ఎక్కువ కావాలనిపిస్తే సాస్‌లో బెల్లం పెంచకండి, స్వీట్ కార్న్‌కి సొంత తీపి ఎలాగూ ఉంది. దానికి ఎదురు నిలిచే పులుపూ కారమే ఆ సాస్ పని.

ఆవ వేయాలనుకుంటే, నేను వేస్తాను, స్టవ్ ఆపాక వేయాలి. మన ఆవపెట్టిన కూర గుర్తు తెచ్చుకోండి, ఆవ ముద్దని పొయ్యి మీంచి దించాకే కలుపుతారు. ఆవాల్ని చల్లటి నీళ్లతో నూరినప్పుడు అందులోని ఒక ఎంజైమ్ పనిచేసి ఆ ముక్కుకెక్కే ఘాటు పుడుతుంది, మరిగే సాస్‌లో పొడి పోస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోయి చేదు మాత్రమే మిగులుతుంది. అర చెంచా ఆవాలు నూరి, పది నిమిషాలు ఆగనిచ్చి, చల్లారిన సాస్‌లో కలపండి.

ఇప్పుడు మూడూ కలిసే చోటు. పొత్తులకి నెయ్యి కారం పలచగా పూసి వేడి ఎక్కువున్న వైపు పెట్టండి. రెండు నిమిషాలకోసారి పావు వంతు తిప్పుతూ, మధ్యలో ఉప్పు నీళ్లు చిలకరిస్తూ ఎనిమిది నుంచి పది నిమిషాలు. గింజలు ముదురు పసుపులోకి తిరిగి, అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు వచ్చి, పై పొర కొద్దిగా ముడతపడినట్టు అవుతుంది. ఆ ముడతే మీకు కావాల్సిన గుర్తు. పచ్చి గింజ నున్నగా మైనం పూసినట్టు ఉంటుంది కాబట్టి సాస్ జారిపోతుంది, పై పొర ఆరి ముడతపడితే పట్టుకుంటుంది. అప్పుడు పొత్తుల్ని బొగ్గు లేని వైపుకి జరిపి, సాస్ ఒక పలచటి పూత పూసి, మూత వేసి నిమిషంన్నర ఆగండి. తిప్పి ఇంకో పూత, మళ్లీ నిమిషంన్నర. దట్టంగా ఒకసారి పూసేకంటే పలచగా రెండుసార్లు పూస్తే మేలు, పలచటి పూత తొందరగా ఆరి అంటుకుంటుంది, దట్టమైనది కారిపోయి బొగ్గుల మీద పడుతుంది. అంతే, దించేయండి. తినేముందు నిమ్మచెక్క రుద్దండి, ముందే పిండితే ఆ వాసన వేడికి ఎగిరిపోతుంది.

ఇండియాలో గ్రిల్ లేనివాళ్లు ఇదంతా మాకెందుకు అనుకోవద్దు. గ్యాస్ స్టవ్ మీద జాలీ పెట్టి కాల్చినా ఇదే వరుస, కాకపోతే మంట ఒకేచోట తగులుతుంది కాబట్టి తిప్పుతూనే ఉండాలి, సాస్ మాత్రం స్టవ్ ఆపి వేడి జాలీ మీదే పూయండి, మంట మీద పూస్తే బర్నర్ పాడవుతుంది. బొగ్గుల కుంపటి ఉంటే అంతకంటే మంచిది లేదు. మన నాటు కంకికైతే ఒక మెట్టు కలపాలి. ముందు ఆకుతోనే పది నిమిషాలు ఉప్పు నీళ్లలో ఉడికించి, తర్వాత ఆకు వలిచి నిప్పుల మీద రంగు తెప్పించండి, దాని పిండి ఉడకడానికి ఆ సమయం కావాలి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. వాన వచ్చిందనో, చలిగా ఉందనో బొగ్గుల గ్రిల్‌ని గ్యారేజీలోకి గానీ, తలుపులు మూసిన బాల్కనీలోకి గానీ, ఇంట్లోకి గానీ తీసుకురావద్దు. ఆరుతున్నట్టు కనిపించే బొగ్గు నుంచి కూడా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది, దానికి వాసన లేదు, రంగు లేదు, మత్తుగా అనిపించి అలాగే ప్రాణం పోతుంది. కొత్తగా వచ్చిన పిల్లలు అపార్ట్‌మెంట్లలో ఇలా చేస్తుంటే చూశాను, చూసినప్పుడల్లా ఆపి చెప్తాను.

చివరగా, గోటితో నొక్కితే ముద్దలా వచ్చిన ముదురు పొత్తులు ఒకటి రెండు ఎప్పుడూ తేలతాయి. వాటిని గ్రిల్ దాకా తీసుకెళ్లకండి, ఎంత సాస్ పూసినా తోలు నమిలినట్టే ఉంటుంది. పోయిన వేసవిలో అమ్మ ఇక్కడికొచ్చినప్పుడు, నేను గ్రిల్ దగ్గర ఉండగా, అలాంటివి నాలుగు పక్కకి తీసి గింజలు వలిచి, పచ్చిమిర్చి, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర వేసి గరుకుగా రుబ్బి మక్క గారెలు వేసింది. స్వీట్ కార్న్ కాబట్టి పిండి జారుతోందని రెండు గుప్పిళ్లు బియ్యప్పిండి కలిపింది. మిగిలిన సాస్ గిన్నె ఆ పళ్లెం పక్కన పెట్టాను. అమ్మ పొత్తు మీది సాస్‌ని ఒక కొరుకు చూసి "నిమ్మకాయ ఉప్పుకారమే బాగుంది నాకు" అంది గానీ, గారెల్ని మాత్రం ఆ చింతపండు సాస్‌లో ముంచుకుని తింది.